నాటల్, మారిషస్ వెళ్లిన మన కూలీల సర్కారు రికార్డులు ఎక్కడ, ఎలా వెతకాలి?

వంశధార
అందరికీ నమస్కారం అండి. పీహెచ్‌డీ చేస్తున్నా, టాపిక్ 1860 నుంచి 1911 దాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కాంట్రాక్టు మీద నాటల్‌కి, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ వైపుకి, పోయిన కూలీలు. పుస్తకాలైతే చదివాను గానీ అందరూ తిప్పి తిప్పి అవే నాలుగు కమిషన్ రిపోర్టులు కోట్ చేస్తున్నారు, నాకేమో అసలు కాగితాలు చూడాలనుంది, ఏ ఊరి నుంచి ఎవరు వెళ్లారు, వాళ్లని ఎవరు ఒప్పించి తీసుకెళ్లారు, అక్కడ ఏం జరిగింది, తిరిగొచ్చినవాళ్లు ఏం చెప్పారు, ఇవీ నాకు కావాల్సినవి. ఒక ఆర్కైవ్స్‌కి వెళ్లి కూలీల వలస ఫైళ్లు చూపిస్తారా అనడిగితే కౌంటర్లో ఆయన ఫైల్ నంబర్ చెప్పమ్మా అన్నారు. నంబర్ ఎక్కడ దొరుకుతుందంటే ఇండెక్స్ చూస్కోమన్నారు, ఇండెక్స్ అంటే గోడ పొడుగునా బైండు పుస్తకాలు. ఏ పుస్తకం తియ్యాలో కూడా తెలీక వచ్చేశాను. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి ప్లీజ్.

పాతదస్త్రం
అమ్మా, నేను రికార్డు ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కౌంటర్ లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్తాను. లైబ్రరీలో పుస్తకాలు విషయాన్ని బట్టి సర్దుతారు, రికార్డు అలా ఉండదు. ఏ ఆఫీసు రాసిందో ఆ ఆఫీసు కింద, ఏ ఏడు రాసిందో ఆ ఏడు కింద ఉంటుంది. కూలీల వలస అనే బీరువా ఎక్కడా లేదు. కాబట్టి ముందు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న, ఈ పని జరగాలంటే ఎవరు ఎవరికి రాయాలి?

నీ కూలీనే తీసుకో. 1883 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మనుషుల్ని పోగుచేసే రిక్రూటర్‌కి లైసెన్సు ఉండాలి, అది రేవులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ఆఫీసరు ఇస్తాడు, జిల్లాలో మేజిస్ట్రేటు దాన్ని చూస్తాడు. కూలీ పేరు జిల్లాలో రిజిస్టర్ అవ్వాలి. అక్కణ్ణించి మద్రాసు డిపో, డాక్టరు పరీక్ష, ఓడ. ప్రొటెక్టర్ మద్రాసు గవర్నమెంటుకి ఏటా రిపోర్టు పెడతాడు, మద్రాసు వాళ్లు ఇండియా గవర్నమెంటుకి, వాళ్లు లండన్‌కి. అవతల డర్బన్‌లో దిగితే అక్కడ ఇంకో ప్రొటెక్టర్, ఆయన నాటల్ గవర్నమెంటుకి, నాటల్ గవర్నరు లండన్‌లో కలోనియల్ ఆఫీసుకి. ఒక్క మనిషి ఊరు కదిలితే ఇన్ని బల్లల మీద కాగితం పుట్టింది. ఒకచోట పోయినా ఇంకోచోట కాపీ ఉండే అవకాశం ఉంది, మన వెతుకులాటంతా దాని మీదే నడుస్తుంది.

పేర్లు కావాలంటే నాటల్ వైపు చూడు. ఎందుకు, ఎలా అనేది కావాలంటే మద్రాసు, ఢిల్లీ, లండన్ చూడు. ఈ రెండూ కలిపేసుకుని వెతికితే రెండూ దొరకవు.

వంశధార
గురువుగారూ చాలా థ్యాంక్స్. మరి ఆ బైండు పుస్తకాల్లో ఏది తియ్యాలి? ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎమిగ్రేషన్ అనే డిపార్ట్‌మెంటే కనపడట్లేదు.

పాతదస్త్రం
డిపార్ట్‌మెంటుగా ఉండదమ్మా, బ్రాంచిగా ఉంటుంది, పైగా ఆ బ్రాంచి ఇల్లు మారుతూ పోయింది. 1871లో రెవెన్యూ, అగ్రికల్చర్ అండ్ కామర్స్ డిపార్ట్‌మెంటు పెట్టారు, ఎమిగ్రేషన్ దాని కింద. 1879లో దాన్ని హోంలో కలిపేశారు, 1881 నుంచి రెవెన్యూ అండ్ అగ్రికల్చర్ మళ్లీ విడిగా. 1905లో కామర్స్ అండ్ ఇండస్ట్రీ వచ్చాక ఎమిగ్రేషన్ అటు పోయింది. నీ 1860 నుంచి 1911 అంటే ఇన్ని డిపార్ట్‌మెంట్ల ఇండెక్సులు చూడాలి. 1871కి ముందువి హోం డిపార్ట్‌మెంటులో మొదలెట్టు.

ఇండెక్సులో నాటల్ అని ఒక్కటే చూసి మూసెయ్యకు. ఎమిగ్రేషన్, కూలీస్, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, మద్రాస్, ఓడ పేరు, అన్నిటి కిందా చూడు. ఆ రోజుల్లో గుమస్తా ఉత్తరంలో మొదటి ముక్క ఏది కనపడితే దాని కింద ఎక్కించేవాడు.

ఇంకోటి, ప్రొసీడింగ్స్, అంటే డిపార్ట్‌మెంటు ఉత్తరాలు, ఆర్డర్లు వరసగా పెట్టిన రికార్డు, వాటి పక్కన ఏ అనో బీ అనో ఉంటుంది. ఏ అంటే ముఖ్యమైనవి, అచ్చు వేసినవి. బీ అంటే రోజువారీవి, వాళ్ల లెక్కలో అంత ముఖ్యం కానివి. పరిశోధన చేసేవాళ్లు ఎక్కువమంది ఏ చూసి వెళ్లిపోతారు. ఒక కూలీ పెట్టుకున్న అర్జీ, చనిపోయిన కూలీ తాలూకు మిగిలిన జీతం ఇంటివాళ్లకి పంపించడం, ఇలాంటివి సర్కారుకి చిన్న విషయాలు, బీలో పడేసేది. నీ టాపిక్‌కి బీనే బంగారం.

మైక్రోఫిల్ము
పాతదస్త్రం గారు చెప్పినదానికి లండన్ వైపు నుంచి ఒక ముక్క కలుపుతాను. ఇండియా గవర్నమెంటు 'ఏ' రకం ప్రొసీడింగ్స్ అచ్చు కాపీలు లండన్‌కి పంపేది, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఐఓఆర్/పి సిరీస్ కింద ఉన్నాయి. మద్రాసు గవర్నమెంటు ప్రొసీడింగ్స్ కూడా అందులోనే. అందుకని ఢిల్లీలో ఫైలు కావాలని స్లిప్పు పెడితే ఎన్.టి. అని రాసి తిరిగొచ్చింది అనుకోండి, అంటే ఆ ఫైలు డిపార్ట్‌మెంటు నుంచి ఆర్కైవ్స్‌కి ట్రాన్స్‌ఫర్ కాలేదు అని, అక్కడితో కథ అయిపోయినట్టు కాదు, అది 'ఏ' రకం ప్రొసీడింగ్ అయితే లండన్‌లో దొరికే ఛాన్స్ బాగా ఉంది. కానీ లోపలి నోటింగ్, అంటే ఆఫీసర్లు ఒకరికొకరు ఈ కూలీల్ని పంపాలా వద్దా అని వాదించుకున్న నోట్స్, అవి లండన్‌కి పోలేదు, అవి చూడాలంటే ఢిల్లీయే గతి. ఒకే ఫైలు రెండుచోట్లా చూడ్డం వృథా అనుకోకండి, రెండూ ఒకటి కావు.

కలోనియల్ ఆఫీసు కాగితాలు మాత్రం బ్రిటిష్ లైబ్రరీలో ఉండవు, లండన్‌లోనే క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నాటల్ ఉత్తరాలు సీఓ (కలోనియల్ ఆఫీసు) 179, 1910లో సౌతాఫ్రికా యూనియన్ అయ్యాక సీఓ 551. మారిషస్ సీఓ 167, ఫిజీ సీఓ 83. క్యూలో రీడర్స్ టికెట్ తీసుకుంటే మీ కెమెరాతోనే ఫ్రీగా ఫోటోలు తీసుకోవచ్చు, రోజంతా తీస్తూ కూర్చుని ఇంటికొచ్చి చదువుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ కేటలాగు చాలాకాలం లేకుండా పోయింది, అందుకని బయల్దేరే ముందు మీకు కావాల్సిన వాల్యూములు ఇస్తున్నారో లేదో మెయిల్ పెట్టి కన్ఫర్మ్ చేస్కోండి.

వంశధార
లండన్ వెళ్లే స్థోమత ఇప్పట్లో లేదండి 🙏 ఇంట్లో కూర్చుని చూసేవి ఏమైనా?

మైక్రోఫిల్ము
ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి, 2015 నుంచి నడుస్తోంది, చాలా ఫైళ్లు స్కాన్లే ఉన్నాయి, స్కాన్ లేకపోయినా ఫైలు పేరు, నంబరు దొరుకుతాయి. కౌంటర్లో మిమ్మల్ని అడిగిన నంబరు అదే. సెర్చ్‌లో ఇప్పటి స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు, ఇంగ్లిషులో ఆనాటి స్పెల్లింగే కొట్టాలి, అంటే విశాఖపట్నానికి విజాగపటం, కాకినాడకి కొకనాడ, శ్రీకాకుళానికి చికకోల్, మచిలీపట్నానికి మసులీపటం, ఏలూరుకి ఎల్లోర్. మనవాళ్లని తెలుగు అని రాసింది తక్కువ, జెంటూ, తెలింగ, కోరంగీ ఇలా రాశారు, అవీ కొట్టండి.

తర్వాత ఇండియా నుంచి కాలనీలకి వలస మీద వేసిన శాండర్సన్ కమిటీ 1910 రిపోర్టు, బ్రిటిష్ పార్లమెంటు పేపర్లలో సీడీ అనే వరసలో 5192, 5193, 5194 నంబర్లు. రిపోర్టు ఒక్కటే చదివి వదిలేస్తారు అందరూ, మిగతా రెండిట్లో సాక్ష్యాలు, జతచేసిన కాగితాలు ఉన్నాయి, వాటి నుంచి ఒరిజినల్ ఉత్తరాల తేదీలు పట్టుకోవచ్చు. తేదీ దొరికిందంటే సగం పని అయిపోయినట్టే.

సముద్రందాటి
పేర్ల సంగతి నేను చెప్తా, మా తాతల తరం అటు వెళ్లినవాళ్లే, కొన్నేళ్లుగా ఇదే పని మీద ఉన్నా.

నాటల్‌కి మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచే, 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, అందులో 342 మంది. 1911లో ఆపేసేదాకా మొత్తం 152184 మంది వెళ్లారు, మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే. వీళ్లందరికీ ఓడల వారీగా లిస్టులు ఉన్నాయి, పుస్తకాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో. యూనివర్సిటీ వాళ్లు అదంతా టైపు చేసి డేటాబేస్ చేశారు, క్వాజులూ నాటల్ యూనివర్సిటీలో గాంధీ లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఉంది, వాళ్లని అడగండి. 1866 నుంచి 1874 మధ్యలో ఓడలు లేవు, ఆ ఏళ్లలో వెతుక్కుంటూ కూర్చోవద్దు.

లిస్టులో ఒక్కో వరసలో ఏముంటుందంటే, కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. ఎడమ మోకాలి మీద మచ్చ, కుడి చెంప మీద పుట్టుమచ్చ, ఇలా. మనిషి మొహం ఎలా ఉండేదో మనకి తెలీదు గానీ కాలి మీద ఏ దెబ్బ మచ్చ ఉందో తెలుస్తుంది. నేను ఆ కాలమ్ ఎప్పుడూ వదలను.

ఇంటిపేరు మాత్రం ఉండదు! మనకి ఇంటిపేరే ముఖ్యం కదా, లిస్టులో అది లేదు, పేరు, తండ్రి పేరు అంతే. ఆ పేరు కూడా విన్నవాడు విన్నట్టు రాశాడు, అప్పలస్వామి ఒకచోట అప్పల్సామి, ఇంకోచోట అపలసమి. వెంకయ్య వెంగయ్య అయిపోతాడు. అందుకని పేరు పట్టుకుని వెతక్కుండా ఊరు, తాలూకా, తండ్రి పేరు, వయసు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకే ఊరి నుంచి ఒకే ఓడలో వరస నంబర్లతో ఎక్కినవాళ్లు సాధారణంగా బంధువులో పక్కింటివాళ్లో.

అన్నిటికన్నా ఆ కలోనియల్ నంబరు రాసి పెట్టుకోండి. అక్కడ దిగిన రోజు నుంచి ఆ మనిషి ఏ ఆఫీసుకి వెళ్లినా ఆ నంబరుతోనే రాశారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఇండియన్ ఇమిగ్రేషన్ ఫైళ్లు ఉన్నాయి, సోర్స్ ఐఐ అంటారు, సౌతాఫ్రికా వాళ్ల నాయిర్స్ అనే ఆన్‌లైన్ కేటలాగులో డిపో దగ్గర ఎన్ఏబీ (అంటే పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్), సోర్స్ దగ్గర ఐఐ అని పెట్టి ఎస్టేటు పేరుతోనో మనిషి పేరుతోనో కొట్టండి. దొర కొట్టాడని కంప్లయింటు, రేషన్ ఇవ్వలేదని కంప్లయింటు, పెళ్లి రిజిస్ట్రేషన్, ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకి మార్చమని అర్జీ, ఊరికి పోతాం పంపించండని అర్జీ. వాళ్ల బతుకంతా ఆ ఫైళ్లలో ఉంది.

తాలూకా
సముద్రందాటి గారి పోస్టు సేవ్ చేసుకున్నా. జిల్లా కాలమ్ గురించి ఒక హెచ్చరిక, చాలామంది ఇక్కడ దెబ్బతింటున్నారు. లిస్టులో జిల్లా గంజాం అని కనపడగానే ఒడియావాళ్లు అని పక్కన పెట్టేస్తారు. అప్పట్లో శ్రీకాకుళం, అంటే చికకోల్ తాలూకా, గంజాం జిల్లాలోనే ఉండేది, 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు విశాఖ జిల్లాకి వచ్చింది, శ్రీకాకుళం జిల్లా అయ్యింది 1950లో. అలాగే గుంటూరు 1859 నుంచి 1904 దాకా విడి జిల్లా కాదు, అక్కడి ఊళ్లు అప్పట్లో ఎక్కువగా కృష్ణా జిల్లా కిందే కనపడతాయి. జిల్లా గెజిటీర్, విశాఖపట్నానిది 1907లో వచ్చింది, దగ్గర పెట్టుకుని తాలూకాలు సరిచూసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఊరు దొరికాక చాలామంది కలెక్టరేటుకి పరిగెత్తి ఆ మనిషి భూమి వివరాలు అడుగుతారు. రైత్వారీ ఊరైతే, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊరైతే, డైగ్లాటు, ఆర్‌ఎస్‌ఆర్ అనే సెటిల్మెంటు భూమి రిజిస్టర్లు ఉంటాయి, పట్టాదారు పేరు పట్టుకోవచ్చు. కానీ ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లు జమీందారీవి, విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఇలా. జమీందారీ ఊళ్లో రైతు పేరు సర్కారు రిజిస్టర్లోకి ఎక్కేది కాదు, శిస్తు లెక్క జమీందారు కచేరీలో ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత చేసిన సెటిల్మెంట్లోనే, ఆ రిజిస్టర్ని ఎస్‌ఎఫ్‌ఏ (సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్) అంటాం, చాలాచోట్ల రైతు పేరు సర్కారు కాగితంలో కనపడుతుంది. 1890లో వెళ్లిపోయినవాడి పేరు 1890 కాగితాల్లో లేదని ఆ మనిషే లేడనుకోకండి. ఎస్‌ఎఫ్‌ఏలో వాళ్ల తమ్ముడి మనవడు ఉండొచ్చు.

గోదారబ్బాయి
చర్చ మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మా ముత్తాత కాకినాడ నుంచి రంగూన్ వెళ్లాడు, 1920 ప్రాంతం అని ఇంట్లో అంటారు. ఆయన ఎమిగ్రేషన్ పాస్ కావాలంటే ఎవరికి రాయాలి? నాయనమ్మ ఉండగానే ఆమెకి చూపించాలని ఉంది.

పాతదస్త్రం
బాబూ, నీకు సూటిగా చెప్పడమే మంచిది. రంగూన్ వెళ్లినవాళ్లకి అలాంటి పాస్ లేదు. నాటల్, ఫిజీ, మారిషస్ అంటే 5 ఏళ్ల కాంట్రాక్టు, చట్టం ప్రకారం ప్రతి మనిషికీ కాగితం. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే, కోరంగి, కాకినాడ, విశాఖ నుంచి మేస్త్రీలు, అంటే కూలీల్ని పోగుచేసే కాంట్రాక్టర్లు, జనాన్ని స్టీమర్ ఎక్కించి తీసుకెళ్లేవాళ్లు, టికెట్ కొనుక్కుని ఎక్కడమే. సర్కారు మనుషుల్ని లెక్కపెట్టింది గానీ పేర్లు రాయలేదు. కాబట్టి ఎవడైనా డబ్బులిస్తే పాస్ తెచ్చిపెడతానంటే నమ్మకు.

ఆయన బతికిన పరిస్థితి తెలుసుకోవాలంటే 1931 జనాభా లెక్కల బర్మా సంపుటం, ఇండియన్ల వలస మీద జేమ్స్ బాక్స్టర్ చేసిన రిపోర్టు, 1941లో రంగూన్‌లో అచ్చయింది, అవి చూడు. మేస్త్రీ అప్పు ఎలా ఇచ్చేవాడు, మిల్లుల్లో, రేవులో తెలుగువాళ్లు ఏ పని చేసేవాళ్లు అంతా ఉంది. పేరు కోసం అయితే ఇంట్లో ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, 1942లో జపాన్ దాడికి బర్మా వదిలి నడిచొచ్చారా ఓడలో వచ్చారా అనే సంగతి ముందు రాసిపెట్టుకో. నాయనమ్మ దగ్గర కూర్చుని ఆయన ఏ పేట, ఏ మిల్లు, మేస్త్రీ పేరేంటి అని అడుగు, ఆవిడ చెప్పేది ఏ ఆర్కైవ్స్‌లోనూ లేదు.

గోదారబ్బాయి
తెలిసిందండి. ఈ ఆదివారమే ఫోన్లో రికార్డ్ చేస్తా. మేస్త్రీ పేరు ఆవిడకి గుర్తుంది అని అమ్మ చెప్పింది.

మడుగుల
మారిషస్, ఫిజీ వాళ్ల కోసం కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది, టైటిల్లో మారిషస్ ఉంది గానీ అంతా నాటలే నడుస్తోంది.

సముద్రందాటి
మారిషస్ రికార్డులు అక్కడే మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉన్నాయి. 1834 నవంబర్ 2న అట్లాస్ ఓడలో 36 మంది దిగిన దగ్గర్నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు, రిజిస్టర్లతో పాటు 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు, నాటల్ వైపు మనకి లేని అదృష్టం అది. 2015లో యునెస్కో మెమొరీ ఆఫ్ ది వరల్డ్‌లోకి ఎక్కింది ఆ కలెక్షన్. ఎవరు పడితే వాళ్లు వెళ్లి తిప్పి చూసుకునేవి కావు, ముందుగా రాసి పర్మిషన్ తీసుకోవాలి, కుటుంబం వాళ్లయితే ఆ చుట్టరికం చూపించే బర్త్ సర్టిఫికెట్ల గొలుసు రెడీగా పెట్టుకోండి.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు వెళ్లారు కానీ మద్రాసు నుంచి 1903లోనే మొదలయ్యింది, కాబట్టి మనవాళ్లయితే అంతకు ముందు ఏళ్లు చూడక్కర్లేదు. ఎమిగ్రేషన్ పాసులు సువాలో ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఒక్కో మనిషికి ఒక్కో కాగితం.

యానాంగాలి
ఫ్రెంచివాళ్లని మర్చిపోవద్దు 🙂 యానాం నుంచి 1828లోనే, అంటే మారిషస్‌కి ఇంగ్లిషువాళ్లు మొదలెట్టకముందే, రీయూనియన్ అనే వాళ్ల దీవికి తెలుగువాళ్లని పట్టుకెళ్లారు. ఆ కాగితాలు మద్రాసులో, ఢిల్లీలో వెతికితే ఏం లాభం, ఫ్రాన్సులో ఎక్సాన్‌ప్రొవాన్స్‌లో వాళ్ల సముద్రాంతర ఆర్కైవ్స్ ఉన్నాయి. పాత జనన మరణ రిజిస్టర్లు ఆన్‌లైన్లోనే ఉచితంగా చూడొచ్చు. చేతిరాత ఫ్రెంచి కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి, కానీ ఆ రిజిస్టర్లు ప్రతి పేజీ ఒకే మూసలో ఉంటాయి, పది పేజీలు చదివితే కన్ను అలవాటు పడిపోతుంది.

వంశధార
ఇంత సమాచారం ఒక్కచోట ఎక్కడా దొరకలేదండి నాకు, అందరికీ దణ్ణం. ఇంకొక్కటి అడుగుతా. తిరిగొచ్చినవాళ్లు చెప్పిన మాటలు నిజంగా ఎక్కడైనా రాసి ఉన్నాయా? నా థీసిస్‌కి అదే గుండెకాయ.

పాతదస్త్రం
ఉన్నాయమ్మా. 1871లో రెడ్ రైడింగ్ హుడ్ అనే ఓడలో నాటల్ నుంచి మద్రాసుకి తిరిగొచ్చిన కూలీలు, అక్కడ జీతాలు ఎగ్గొట్టారని, కొట్టారని ఫిర్యాదు చేస్తే ప్రొటెక్టర్ వాళ్లని కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాయించాడు. ఆ ఫిర్యాదుల వల్లే 1872లో నాటల్‌లో కూలీ కమిషన్ వేశారు, అది తేలేదాకా ఇండియా నుంచి మనుషుల్ని పంపలేదు, ఆ తర్వాతే 1874లో ఓడలు మళ్లీ మొదలయ్యాయి. అంటే చదువురాని మనుషులు చెప్పిన మాటకి ఒక గవర్నమెంటు కదిలింది. నీ థీసిస్ అక్కణ్ణించి మొదలెట్టినా తప్పులేదు.

దాన్ని పట్టుకునే దారి చూడు. ఓడ మద్రాసు చేరిన ఏడు తెలుసు. ప్రొటెక్టర్ మద్రాసులోనే ఉన్నాడు, మద్రాసు గవర్నమెంటుకే ముందు రాస్తాడు. కాబట్టి ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో 1871, 1872 పబ్లిక్ డిపార్ట్‌మెంటు ఇండెక్సులు తీసి ఎమిగ్రేషన్, నాటల్, ఓడ పేరు మూడింటి కిందా చూడు, అందులో లేకపోతే రెవెన్యూ. అక్కడ ఆర్డరు నంబరు, తేదీ, డిపార్ట్‌మెంటు మూడూ రాసుకో, మూడూ ఉంటేనే స్లిప్పు పనిచేస్తుంది, నంబర్లు ప్రతి ఏడూ ఒకటి నుంచి మళ్లీ మొదలవుతాయి. మద్రాసు వాళ్లు పైకి పంపిన తేదీ ఆ ఆర్డర్లోనే ఉంటుంది, ఆ తేదీతో రెవెన్యూ, అగ్రికల్చర్ అండ్ కామర్స్ ఎమిగ్రేషన్ ప్రొసీడింగ్స్‌కి వెళ్లు. ఆ తర్వాత సీఓ 179లో అదే నెలలు. ఇలా తేదీ పట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి నడవాలి.

మన ఆడవాళ్ల గురించి కూడా చూడు. ప్రతి 100 మంది మగవాళ్లకి 40 మంది ఆడవాళ్లు ఉండాలని రూలు పెట్టారు, ఆ లెక్క పూర్తికాక ఓడలు ఆగిపోయేవి, ఏజెంట్లు ఆడవాళ్ల కోసం ఏం చేశారనే దాని మీద ఉత్తరాలు చాలా ఉంటాయి. అవి ఎవరూ సరిగ్గా చదవలేదు.

మైక్రోఫిల్ము
వాంగ్మూలాలు చదివేటప్పుడు ఒక్కటి చూస్కోండి. కూలీ తెలుగులోనో తమిళంలోనో చెప్పాడు, దుబాసీ ఇంగ్లిషులో చెప్పాడు, గుమస్తా సర్కారు భాషలో రాశాడు. ప్రశ్నలు రాయరు, జవాబులే రాస్తారు. పదిమంది ఒకే వరసలో ఒకే మాట చెప్పినట్టు ఉంటే అది ప్రశ్న వల్ల వచ్చిన వరస. ఒక్కడు మధ్యలో పక్కదారి పట్టి ఏదో చెప్తాడు చూడండి, వంటపాత్ర లాక్కున్నారనో, పెళ్లాన్ని వేరే ఎస్టేటుకి పంపేశారనో, అది ఆ మనిషి సొంత మాట.

వంశధార
నోట్ చేసుకున్నా. ఎగ్మోరులో రీసెర్చి స్కాలరుగా లోపలికి వెళ్లాలంటే ఏమేం తీసుకెళ్లాలి గురువుగారూ?

పాతదస్త్రం
మీ గైడు సంతకంతో, యూనివర్సిటీ సీలుతో లెటరు. అందులో తెలుగు కూలీల వలస అని గుండుగుత్తగా రాయించకు. ఏ గవర్నమెంటు, ఏ డిపార్ట్‌మెంట్లు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని స్పష్టంగా రాయించు, 1860 నుంచి 1911, పబ్లిక్, రెవెన్యూ, బోర్డు ఆఫ్ రెవెన్యూ అని. తర్వాత ఇంకో డిపార్ట్‌మెంటు కావాల్సి వస్తే మళ్లీ పర్మిషన్ అడగాల్సి రావచ్చు, అందుకని మొదటే కాస్త వెడల్పుగా అడుగు. ఐడీ కార్డు, ఫోటోలు, పెన్సిలు కూడా పట్టుకెళ్లు, పెన్ను లోపలికి రానివ్వని చోట్లు ఉంటాయి. ఫోటో తీసుకోనిస్తారా, కాపీలు వాళ్లే ఇస్తారా అన్నది ముందే ఫోను చేసి అడిగి వెళ్లు. ఇండెక్స్ చూసే రోజు ఫైళ్లు అడక్కు, ఇండెక్సే చూడు, నంబర్లన్నీ ఏడు వారీగా ఒక నోటుబుక్కులో రాసుకుని మర్నాటి నుంచి స్లిప్పులు పెట్టు. ఫైలు పెళుసైపోయింది ఇవ్వలేం అంటే వాదించకుండా మైక్రోఫిల్మ్ ఉందా అని అడుగు.

వంశధార
సోమవారం గైడుతో లెటర్ రాయించేస్తా. 1871 ఇండెక్స్‌లో ఏం దొరికిందో నంబర్లతో సహా ఇక్కడే పెడతాను, వెనకాల వచ్చేవాళ్లకి పనికొస్తుంది.